మున్నీ తిల్‌లు, మున్నీ ఫైలు

పోయిన జూన్‌లో మా చెల్లెలి కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి చెల్లితోపాటు నేనూ బడికి వెళ్లాను. ఆఫీసు గదిలో గుమాస్తా దరఖాస్తు నింపుతున్నాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నెంబరు అన్నీ అయ్యాక తల ఎత్తకుండానే అడిగాడు.

"పుట్టుమచ్చలు రెండు చెప్పమ్మా."

మనందరికీ తెలిసిన ప్రశ్నే. పదో తరగతి సర్టిఫికెట్ దాకా మన వెంట వచ్చే ప్రశ్న. మామూలుగా తల్లులు బిడ్డ చేతులు తిప్పి, మెడ వంచి, ఎక్కడో ఒక తిల్ వెతికి పట్టుకుంటారు. మా చెల్లికి వెతకాల్సిన పని లేదు. మున్నీ చంకల్లో, గజ్జల్లో, బొడ్డు కింద ఆవాలు చల్లినట్టు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చెల్లి ముఖంలో నెత్తురు లేదు. నా వైపు ఒకసారి చూసి, "కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ పాదం మీద ఒకటి" అంది. అది ఝూట్ కాదు. ఆ రెండూ ఉన్నాయి. కానీ చెప్పేటప్పుడు ఆమె గొంతు దొంగతనం చేసినదాని గొంతులా ఉంది.

ఈ మజ్మూన్ ఆ గొంతు గురించి. చెల్లి ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను. మున్నీ అనేది బిడ్డ అసలు పేరు కాదు.

పుట్టుమచ్చ అంటాం గానీ, మున్నీ ఒంటిమీద ఉన్నవి పుట్టుకతో వచ్చినవి కావు. ఒక పెద్ద బీమారీ వచ్చి, దానికి ఏడాదిపాటు ఇలాజ్ జరిగి, బిడ్డ బాగయ్యాక వచ్చినవి. సంగతి మొదటినుంచి చెబితేగానీ అర్థం కాదు.

మున్నీకి పదకొండో నెలలో తలంతా పసుపురంగు పొక్కులు కట్టింది. అందరూ చుండన్నారు. అమ్మీ కొబ్బరినూనె రాసి దువ్వింది. తర్వాత చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో ఎర్రగా ఒరిసిపోయి, చిన్నచిన్న పొక్కులు లేచి, వాటిమీద చెక్కు కట్టింది. డైపర్ వల్లే అని డైపర్ మానేశాం. వేపాకు నీళ్లు పోశాం. మందుల షాపులో అడిగి ఒకదాని తర్వాత ఒకటి మూడు రకాల క్రీములు తెచ్చాం. నజర్ తగిలిందని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. తావీజ్ కట్టారు. నేను వీటిలో దేన్నీ ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు, ఎందుకంటే ఆ మిరపకాయలు పొయ్యిలో వేసిన చేతుల్లో నావీ ఉన్నాయి. మూడు నెలలు గడిచాయి. అప్పుడు కుడి చెవి వెనక మెత్తగా ఒక గడ్డ లేచింది.

మా నెల్లూరులో ఒక పెద్దవయసు పిల్లల డాక్టరు ఆ గడ్డనీ, ఆ దద్దునీ పక్కపక్కన పెట్టి చూశాడు. క్రీము రాయలేదు. చీటీ రాసి మద్రాసు పంపాడు. అక్కడ చర్మం చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఎక్స్‌రేలో చెవి వెనక ఎముకకు చిల్లుపడినట్టు కనిపించింది. పది రోజులకు పేరు తెలిసింది. లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. డాక్టర్లు పొట్టిగా ఎల్‌సీహెచ్ అంటారు.

ఆ పేరు పలకడం మాకు వారం పట్టింది. ఏమిటది అని తెలుసుకోవడం ఇంకా ఎక్కువ పట్టింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను. ఇంకో తల్లికి ఆ వారం తగ్గితే చాలు.

మన చర్మంలో పహరా కాసే కణాలు కొన్ని ఉంటాయి. బయటినుంచి ఏ క్రిమి వచ్చినా పట్టుకుని, లోపల గ్రంథులకు ఖబర్ చేరవేస్తాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే ఆయన, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే, వాటిని సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. ఆయన అవి నరాలకు చెందినవనుకున్నాడు. కాదని తర్వాత తేలింది, పేరు మాత్రం ఆయనదే నిలిచింది. ఈ బీమారీలో, ఎముక మూలుగలో పుట్టే తెల్లరక్తకణాల జాతిలో కొన్ని దారితప్పి, ఆ పహరా కణాల వేషం వేసుకుని, ఒకచోట గుమిగూడతాయి. చర్మంలో గుమిగూడితే దద్దు. ఎముకలో గుమిగూడితే చిల్లు. కాలేయంలోనో, ప్లీహంలోనో, మూలుగలోనో చేరితే ప్రాణానికే ఖత్రా. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఏడాదికి పదిలక్షల మందిలో నలుగురైదుగురికి వస్తుంది.

క్యాన్సరా అని మా బావ అడిగాడు. చాలా ఏళ్లు డాక్టర్ల మధ్యే దీనిమీద బహస్ నడిచిందట. 2010లో ఒక సంగతి బయటపడింది. ఈ రోగుల నుంచి తీసిన ముక్కల్లో సగానికి పైగా బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు కనిపించింది. అప్పటినుంచి దీన్ని కణాలు అదుపుతప్పి పెరిగే జబ్బుల వరసలోనే చూస్తున్నారు. అందుకే ఇలాజ్ కూడా క్యాన్సర్ పిల్లల వార్డులోనే. అయితే మున్నీలాగా కాలేయం, ప్లీహం, మూలుగ బాగున్న పిల్లల్లో దాదాపు అందరూ బతుకుతారు. తిరగబెట్టడం మాత్రం అరుదు కాదు.

మున్నీకి ఇచ్చిన దవా రెండు రకాలు. ఒకటి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఇంకోటి విన్‌బ్లాస్టిన్ సూది. మొదటి ఆరువారాలు వారానికొకటి, తర్వాత మూడు వారాలకొకటి, మొత్తం ఏడాది. ఆరునెలలకే ఆపితే తిరగబెట్టడం ఎక్కువనీ, ఏడాది ఇస్తే తగ్గుతుందనీ 2013లో అచ్చయిన పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో తేలింది. ఆ విన్‌బ్లాస్టిన్ మొదట ఎక్కడ దొరికిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మన బిళ్ళగన్నేరులో. మన ఇళ్లలో సదాబహార్ అని పిలిచే మొక్క. అమ్మీ ఇంటి గడప పక్కనే రెండు కుదుళ్లున్నాయి. ఈ మాట విని ఎవరూ ఆకులు నమిలించొద్దు సుమా, అది విషం. దవా అయ్యేది కొలత తెలిసిన చేతుల్లోనే.

ఏడాదిపాటు మద్రాసు రైళ్లు. సూది పడిన రోజు బిడ్డ ఏమీ తినదు. తెల్లకణాలు తగ్గితే రైలు వెనక్కి. అయినా దద్దు మూడో నెలకే మాయమైంది. గడ్డ కరిగింది. ఎముక పూడింది. రెండేళ్లు దాటాక ఇలాజ్ ఆపేశారు. అల్‌హందులిల్లా అనుకుని ఇంట్లో సేమియా చేసి పంచాం.

మున్నీకి నాలుగో ఏడు రాబోతుండగా ఒకరోజు చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "ఆపా, ఫిర్ ఆ గయా." నేను పరుగెత్తుకుని వెళ్లాను. బిడ్డ గజ్జల్లో ముదురు గోధుమరంగు చుక్కలు. పది కాదు, ఇరవై కాదు. చంకల్లోనూ. బొడ్డు కిందా. సరిగ్గా ఎక్కడెక్కడ ఆ దద్దు ఉండేదో అక్కడే.

మద్రాసులో చర్మం డాక్టరమ్మ చేతిలో దీపమున్న భూతద్దంతో ఒక్కొక్కటీ చూసింది. ఒక చుక్కను కోసి పరీక్షకు పంపింది. జవాబు వచ్చింది. బీమారీ కణాలు లేవు. ఉన్నది మామూలు తిల్. అన్నీ తిల్‌లే. ఈ బీమారీ వచ్చి తగ్గిన కొందరు పిల్లల్లో, పాత దద్దు ఉన్న మడతల్లోనే ఇలా గుత్తులుగా మచ్చలు లేవడం ఆమెకు కొత్త కాదు. వైద్య పత్రికల్లో ఇలాంటి పిల్లల గురించి రాశారు. బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకున్న పిల్లల్లో కూడా మచ్చలు ఎక్కువగా వస్తాయని చాలాకాలంగా తెలుసు.

ఎందుకు వస్తాయంటే డాక్టర్లు మూడు దారులు చెబుతారు. కీమో వల్ల ఒంట్లో పహరా కొన్నాళ్లు సడలడం ఒకటి. ఆ బీమారీ కణాలు చర్మంలో కూర్చున్నన్నాళ్లు వాపు పుట్టించే రసాయనాలు వదిలి, పక్కనున్న రంగు కణాలను రెచ్చగొట్టడం ఇంకోటి. మూడోది నాకు తమాషాగా అనిపించింది. బీఆర్ఏఎఫ్ మార్పు అన్నాను చూడండి, అదే మార్పు మన అందరి ఒంటిమీద ఉన్న మామూలు మచ్చల్లో కూడా చాలావాటిలో ఉంటుంది. అంటే బీమారీ వేషం మార్చుకుని మచ్చగా వచ్చిందని కాదు. మార్పు ఉన్న మచ్చల్లో దాదాపు అన్నీ జీవితాంతం ఖామోష్‌గానే ఉంటాయి. ఈ మూడిట్లో ఏది ఎంత అనేది ఇంకా తేలలేదు.

డాక్టరమ్మ దవా రాయలేదు. "ఏటా రెండుసార్లు చూపించండి. ఫోటోలు తీసి పెట్టండి. ఎండలో ఎక్కువ తిప్పకండి. గోకకండి, కాల్చకండి" అంది. అంతే. మాకు అది ఖుషీ ఖబర్. అసలు ఇబ్బంది ఇంటికి వచ్చాక మొదలైంది.

ఖాన్‌దాన్‌లో ఒక్కొక్కరూ ఒక్కో మాట. కడుపుతో ఉన్నప్పుడు గ్రహన్ రోజు చెల్లి కత్తి పట్టుకుందని ఒకరు గుర్తుచేశారు. మూడున్నరేళ్లు లేని మచ్చలు గ్రహన్‌కు ఎట్లా వస్తాయని అడిగే ధైర్యం ఆ రోజు మాలో ఎవరికీ లేకపోయింది. సున్నమూ సోడా కలిపి పెడితే రాలిపోతాయని ఇంకొకరు. చివరికి బిడ్డ దాదీ, నిజంగానే ప్రేమ ఉన్న మనిషి, మున్నీకి ఏడాదిపాటు తన చేతుల్తో గంజి తాగించిన మనిషి, చెల్లిని పక్కకు పిలిచి అంది. "ఓ ఫైల్ జలా దే బేటీ. లడ్కీ జాత్. కల్ రిష్తే వాలే పూఛేంగే."

ఫైలు కాల్చెయ్. ఆడపిల్ల. రేపు రిష్తా వాళ్లు అడుగుతారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఈ మజ్మూన్ రాయడానికి అసలు కారణం కూడా ఆ మాటే. దాదీని తప్పుపట్టడం సులువు. కానీ ఆమె భయం ఉత్తది కాదు. మన మొహల్లాల్లో, మన మ్యారేజ్ బ్యూరోల్లో, బిడ్డకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయని తెలిసి వెనక్కిపోయిన పైగామ్‌లు నేనే నాలుగైదు చూశాను. బొల్లి మచ్చ ఒకటి ఉందని ఇద్దరు అక్కాచెల్లెళ్ల నికా ఆగిపోవడమూ చూశాను. దాదీ చూసిన దునియా అది. అందుకే ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ మీకూ చెబుతున్నాను. ఫైలు ఎందుకు కాల్చకూడదో, మచ్చలు ఎందుకు కాల్చకూడదో.

ముందు రిష్తా సంగతే. ఈ బీమారీ అంటుకునేది కాదు. ఖాన్‌దానీ బీమారీ కూడా కాదు. ఎక్కడో చాలా అరుదుగా తప్ప ఇంట్లో ఒకరినుంచి ఒకరికి రాదు. ఆ జన్యువు మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు వచ్చింది కాదు, కొన్ని రక్తకణాల్లో మాత్రమే ఆ తర్వాత జరిగింది. కాబట్టి రేపు మున్నీ బిడ్డలకు ఇది వెళుతుందన్న భయానికి బునియాద్ లేదు. ఈ ఒక్క మాట డాక్టరు చేతి రాతతో ఉన్నది ఎక్కడ? ఆ ఫైల్లోనే. దాన్ని కాలిస్తే మిగిలేది ఏమిటి? "చిన్నప్పుడు ఏదో క్యాన్సర్ లాంటిది వచ్చిందంట" అనే పుకారు. పుకారుకు జవాబు చెప్పే కాగితాన్ని మన చేతుల్తో మనమే బూడిద చేసుకుంటామా?

రెండోది బిడ్డ సెహత్. ఇది ఇంకా పెద్దది. ఎల్‌సీహెచ్ తగ్గిన ఏళ్ల తర్వాత కూడా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నట్టు బయటపడవచ్చు. మున్నీకి వచ్చినట్టు చెవి వెనక ఎముకలోనో, ముఖం ఎముకల్లోనో వచ్చిన పిల్లల్లో ఆ అవకాశం ఎక్కువ. అప్పుడు బిడ్డ ఊరికే నీళ్లు తాగుతుంది, రాత్రుళ్లు కూడా లేచి తాగుతుంది, ఊరికే మూత్రానికి వెళుతుంది. చూసినవాళ్లు షుగర్ అనుకుంటారు. పరీక్ష చేస్తే షుగర్ ఉండదు. ఏమీ లేదని పంపేస్తారు. పొడవు పెరగడం ఆగిపోవచ్చు. బాలిగ్ కావడం ఆలస్యం కావచ్చు. వీటన్నిటికీ ఇలాజ్ ఉంది, దవాలు ఉన్నాయి. కానీ పన్నెండేళ్ల పిల్ల "దాహం ఎక్కువగా ఉంది" అని వెళితే, ఒకటో ఏట ఏ బీమారీ వచ్చిందో తెలిసిన డాక్టరు ఒక దారిలో ఆలోచిస్తాడు. తెలియని డాక్టరు ఇంకో దారిలో పోతాడు. ఆ తేడా నెలలు కావచ్చు, సంవత్సరాలు కావచ్చు. రిష్తా కోసం ఫైలు కాల్చిన ఇంట్లో, ఆ రిష్తా వయసుకే బిడ్డ సెహత్ చెడిపోతే ఎవరిని అడగాలి?

మూడోది మచ్చలు కాల్చడం. సున్నం సోడా పెడితే మచ్చ రాలదు, చర్మం కాలుతుంది. గజ్జల్లో, చంకల్లో చర్మం ఎంత పల్చనో తల్లులకు చెప్పక్కర్లేదు. పైగా కాలిన మచ్చ కింద మిగిలిన రంగు కణాలు మళ్లీ పైకి వస్తాయి. అలా తిరిగొచ్చిన మచ్చ వంకరటింకరగా, రంగు తేడాలతో, చర్మం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. అప్పుడు అనుభవమున్న డాక్టరు కూడా తడబడవచ్చు. బ్యూటీ పార్లర్ల కరెంటు సూదిదీ ఇదే కథ. తీసిన ముక్క పరీక్షకు వెళ్లదు కాబట్టి ఏం తీశారో ఎవరికీ తెలియదు. ఒక మచ్చ నిజంగా తీయాల్సి వస్తే డాక్టరు కోసి తీసి పరీక్షకు పంపాలి.

ఎప్పుడు తీయాలి? మచ్చ రెండు వైపులా ఒకేలా లేకుండా పెరిగితే, అంచులు చెదిరితే, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపిస్తే, పక్కవాటికంటే తొందరగా పెద్దదైతే, నెత్తురు కారినా పుండు పడినా ఆగకుండా చూపించాలి. పిల్లల్లో మచ్చ క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. అయినా పిల్లల్లో అది నల్లగానే ఉండాలని లేదు, గులాబీరంగు బుడిపెలా కూడా రావచ్చు. ఇక పాత చోట్లలో మళ్లీ ఎర్రటి పొక్కులు లేచి చెక్కు కడితే అది మచ్చల సంగతి కాదు. బీమారీ తిరిగిందేమో చూడాలి.

ఇంతవరకు డాక్టర్లు చెప్పినవే చెప్పాను. ఇప్పుడు డాక్టర్లు చెప్పనిది, మన ఇళ్లలో మనమే మాట్లాడుకోవాల్సినది ఒకటుంది.

మున్నీ మచ్చలన్నీ సతర్‌లో ఉన్నాయి. బట్ట కింద, మడతల్లో. ఇవాళ చెల్లి గుస్ల్ చేయించేటప్పుడు చూస్తుంది. ఇంకో రెండు మూడేళ్లకు మున్నీ తలుపేసుకుని తానే నీళ్లు పోసుకుంటుంది. ఆ రోజునుంచి ఆ మచ్చలు చూసే కళ్లు ఇంట్లో ఉండవు. ఒక మచ్చ పెరిగినా, నెత్తురు కారినా, చెప్పాల్సింది ఆ పిల్లే. చెప్పాలంటే ఆమెకు తెలిసి ఉండాలి. తెలియాలంటే మనం ఇప్పటినుంచే మామూలు గొంతుతో మాట్లాడాలి. తల్లి దొంగ గొంతుతో మాట్లాడితే బిడ్డ నేర్చుకునేది ఒక్కటే, ఇది ఐబ్, దాచాలి అని. అప్పుడు పద్నాలుగేళ్ల వయసులో నెత్తురు కారినా దుపట్టా అంచుతో తుడుచుకుని ఊరుకుంటుంది. మనం నేర్పిన షరమ్ ఆమె మీదకే వస్తుంది.

లేడీ డాక్టరు కావాలని అడగడంలో తప్పేమీ లేదు. అడగండి. దొరికే రోజు కనుక్కుని వెళ్లండి. పరీక్ష చేసేటప్పుడు తల్లి పక్కన ఉంటుందని చెప్పండి. కానీ లేడీ డాక్టరు దొరకలేదన్న సాకుతో రెండేళ్లు దాటించకండి.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లోనే పొరపాటు జరగబోయింది. మచ్చలు పెరుగుతున్నాయో లేదో చూడటానికి పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీయాలి. చెల్లి అలాగే తీసింది. ఆ ఫోటోల్లో ఒకటి మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, దుబాయ్‌లో ఉన్న డాక్టరు కజిన్‌ను అడుగుదామనుకుంది. ఆఖరి నిమిషంలో ఆపాను. నలభైమంది ఉన్న గ్రూపు అది. బిడ్డ ఒళ్లు బిడ్డది. ఆ ఫోటోలు తల్లి ఫోన్లో తాళం వేసి, డాక్టరుకు మాత్రమే చూపించాలి. ముఖం పడకుండా తీయాలి. మున్నీకి బుద్ధి వచ్చాక తీసే ప్రతి ఫోటోకూ ఆమెను అడగాలి.

ఇక్కడ కొందరు అడుగుతారు. "ఒకపక్క దాచొద్దంటావు, ఒకపక్క చూపించొద్దంటావు, క్యా బాత్ హై?" న్యాయమైన ప్రశ్నే. నా రాయి ఇది. పర్దా వేరు, ధోకా వేరు. బిడ్డ బీమారీ గురించి మొహల్లా మొత్తానికి చెప్పాల్సిన పని లేదు. బడి గుమాస్తాకు మోచేతి మచ్చ, పాదం మచ్చ చాలు. ఈద్‌కు వచ్చిన చుట్టాలకు, పక్కింటి వాళ్లకు, నికా దావత్‌లో పలకరించిన వాళ్లకు చెప్పకపోవడం దాచడం కాదు, అది పర్దా. కానీ డాక్టరుకు చెప్పకపోతే బిడ్డకు చేసిన ధోకా. మున్నీకే చెప్పకపోతే అంతకన్నా పెద్ద ధోకా. రేపు రిష్తా కుదిరే సమయానికి ఆ అబ్బాయికి, అతని తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అంటే, నా మాట చెప్పాలనే. మొదటి చాయ్ కప్పు దగ్గర కాదు, మాట గట్టిపడేముందు. చెప్పేది కూడా మనం కాదు, మున్నీ. అప్పటికి ఆమెకు తన కథ తనకు తెలిసి ఉండాలి. విని వెనక్కి పోయేవాళ్లు పోతారు. నొప్పి ఉంటుంది, లేదనను. కానీ నికా అయ్యాక తెలిసి పుట్టింటికి పంపించిన బిడ్డల నొప్పి కూడా మనం చూశాం. రెండిట్లో ఏది చిన్నదో పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మగపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి బీమారీ అబ్బాయిలకూ వస్తుంది. అబ్బాయి ఫైలు కాల్చమని ఎవరైనా అన్నారా? నేనైతే వినలేదు. ఆడపిల్ల ఫైలు కాలుతున్నదంటే ఆ నిప్పులో అడిగేవాళ్ల చేయి కూడా ఉంది. పైగామ్ తీసుకువెళ్లినప్పుడు మీ ముందు ఒక తల్లి నిజం చెబితే, లేచి వచ్చేముందు ఒక్కసారి ఆ ఫైలు అడిగి చదవండి. చదవడం రాకపోతే ఒక డాక్టరును అడగండి. అంతటి నిజం మీ ముందు పెట్టిన ఇల్లు మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

దాదీ ఒప్పుకుందా అంటే, పూర్తిగా కాదు. కానీ ఫైలు కాలలేదు. చెల్లి దాన్ని ఇనపబీరువాలో, మెహర్ కాగితాలూ భూమి కాగితాలూ ఉన్న అరలోనే పెట్టింది. బయాప్సీ రిపోర్టు, సూదుల తేదీలు, ఎక్స్‌రేలు, ఇలాజ్ ఆపిన రోజు ఇచ్చిన చివరి కాగితం, ఇప్పుడు మచ్చ పరీక్ష రిపోర్టు. వాటన్నిటినీ ఫోన్లో కూడా ఎక్కించింది. ఫైలు అట్ట మీద తెలుగులో, ఉర్దూలో రెండిట్లోనూ బీమారీ పేరు రాసింది. దాని కింద "మున్నీ కీ అమానత్" అని రాసింది. పదహారేళ్లు నిండాక ఆమె చేతికి ఇవ్వాలని ఇద్దరం అనుకున్నాం.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి ఫైళ్లు ఉంటాయి. ఈ బీమారీదే కానక్కర్లేదు. గుండె చిల్లు ఆపరేషన్‌ది కావచ్చు, ఫిట్స్‌ది కావచ్చు, తలసీమియాది కావచ్చు. అల్మారా పైన ఎక్కడో దుమ్ము పట్టి ఉంటాయి, లేదా ఎవరో కాల్చమంటూ ఉంటారు. ఈ రోజే దించి, తుడిచి, తేదీల వరసలో పెట్టండి. బిడ్డకు అర్థమయ్యే వయసొచ్చాక కూర్చోబెట్టి చెప్పండి.

పోయిన జుమ్మా రోజు నేను వెళ్లేసరికి చెల్లి మున్నీకి గుస్ల్ చేయిస్తోంది. బళ్లో ఇరవై దాకా అంకెలు నేర్పారంట. తడి ఒంటితో చేయి పైకెత్తి చంకలో లెక్కపెడుతోంది. పదిహేడు దగ్గర ఆగి నన్ను చూసి, "ఖాలా, యే సబ్ కైకు ఆయే?" అంది.

నేను చెల్లి వైపు చూశాను. చెల్లి చెంబు కింద పెట్టి, మామూలు గొంతుతో చెప్పింది.

"నీకు చిన్నప్పుడు ఒక పెద్ద బీమారీ వచ్చింది బేటా. నువ్వు బాగయ్యావు. అది ఉన్న చోట ఇవి వచ్చాయి. ఏదైనా పెద్దదైతే అమ్మీకి చెప్పాలి, సరేనా?"

"సరే" అని, మున్నీ పద్దెనిమిది నుంచి మళ్లీ మొదలుపెట్టింది.